పెసరట్టు ఎక్కడికీ పోలేదు

గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఉన్న టిఫిన్ హోటలు మూతపడి, ఆ చోటికి ఒక బ్యాంకు శాఖ వస్తోందని తెలిసినప్పటి నుంచి మా విజయనగరంలో నలుగురు కలిసిన చోటల్లా ఇదే ప్రస్తావన. అయ్యకోనేరు గట్టు మీద ఉదయపు నడకకు వచ్చే పెద్దలు, కోర్టు ఆవరణలోని వకీళ్లు, సంగీత కళాశాలలో చదువుకొని ఊరు విడిచి, పండగలకు మాత్రమే వచ్చిపోయే నా చిన్ననాటి స్నేహితులు, అందరిదీ ఒకటే నిట్టూర్పు: ఇక ఆ పెసరట్టు ఎక్కడ దొరుకుతుంది? మొన్న ఒక పెళ్లిలో భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి "బ్యాంకు వాళ్లు ఊరి నోట మట్టి కొట్టారండీ" అన్నారు. ఆ మాట అంటూనే ఆయన మరో గారె వేయించుకున్నారు. నోట్లో మట్టి పడినవాళ్లు అలా తినరు కదా అని అప్పుడు నవ్వుకున్నాను గాని, ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదలలేదు. మనం విచారిస్తున్న విషయం ఒకటి, నిజంగా జరిగిన నష్టం మరొకటి అని నాకు అనిపించడం అక్కడి నుంచే మొదలయింది.

ఎందుకంటే పెసరట్టు ఎక్కడికీ పోలేదు. ఆ హోటలు వంట మాస్టరు ఊరి చివర ఒక షెడ్డు అద్దెకు తీసుకొని పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ ఆర్డర్లు పడుతున్నాడు. యాభై మందికి తక్కువ కాకుండా చెబితే అదే పిండి, అదే పెనం, బెల్లం కాస్త ముందుకు తగిలే అదే అల్లం పచ్చడి మన ఇంటికే వస్తాయి. ఆ పెళ్లిలో మేమిద్దరం పొద్దున్న తిన్న పెసరట్టు కూడా ఆయన చేతిదేనని తరువాత తెలిసింది. పక్కనున్న పెద్దమనిషికి ఆ సంగతి తెలియదు. రుచి కోసమే ఏడుస్తున్న మనిషి అదే రుచిని పొద్దున తిని, మధ్యాహ్నానికి గుర్తుపట్టలేకపోయాడంటే, ఆయనకు కరువైనది నాలుకకు సంబంధించినది అయి ఉండదు.

ఊరు పోగొట్టుకున్నది వేళలను. ఆ హోటలు తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపులు తీసి రాత్రి పదిన్నరకు మూసేది. దాని స్థానంలో వస్తున్న శాఖ పదింటికి తెరిచి నాలుగింటికి లావాదేవీలు ముగిస్తుంది. ఆదివారాలు సరేసరి, 2015 సెప్టెంబరు నుంచి రెండో శనివారమూ, నాలుగో శనివారమూ కూడా సెలవే. రోజుకు పద్దెనిమిది గంటలు దీపం వెలిగిన గుమ్మం ఇకమీద ఆరు గంటలు మాత్రమే మనుషులను చూస్తుందన్న మాట. ఈ లెక్క చెప్పినప్పుడు చాలామంది "అదేముంది" అన్నట్టు చూశారు. నా వాదమంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

నాలుగు గంటల తరువాత

తెల్లవారుజామున ఆ హోటలు మెట్ల మీద పేపర్ కుర్రాళ్లు కట్టలు విప్పి, లోపలి పేజీలు దూర్చుకుంటూ ఉండేవారు. వర్షం వస్తే వాళ్ల కోసం ముందు వరుస బల్లలు ఖాళీ చేసి ఇచ్చేవారు. ఆ తరువాత మొదటి బస్సులు పట్టుకొని గజపతినగరం వైపు, చీపురుపల్లి వైపు వెళ్లే టీచర్లు. వాళ్లు వెళ్లిన తరువాత పల్లెల నుంచి కలెక్టరేటులో అర్జీలు ఇవ్వడానికి వచ్చే రైతులు. ఘోషాసుపత్రిలో కానుపుకు భార్యను చేర్చిన మగవాడు రాత్రి తొమ్మిదింటికి ఫ్లాస్కు పట్టుకొని వస్తే, సర్వరు పాలు పోస్తూ "ఏటి బాబూ, గుంటడా, గుంటా?" అని అడిగేవాడు. ఇంకా కాలేదని చెబితే, మర్నాడు రాత్రి అదే మనిషిని గుర్తుపెట్టుకొని మళ్లీ అడిగేవాడు.

మాఘమాసపు ముహూర్తాల ముందు అక్కడ మరో వ్యవహారం నడిచేది. సన్నాయి మేళం వాళ్లు మధ్యాహ్నం మూడు దాటాక వెనక వరుస బల్ల దగ్గర చేరేవారు. ఆడపెళ్లివారు వచ్చి అక్కడే బేరం కుదుర్చుకొనేవారు. డోలు విద్వాంసుడు బల్ల అంచు మీద రెండు వేళ్లతో తాళం వేసి చూపించి, "ఈ కుర్రాడు కొత్త, కాని చేయి మంచిది" అని తన శిష్యుడిని పరిచయం చేయడం నేను పక్క బల్ల దగ్గర కూర్చొని చూశాను. బయానా చేతులు మారాక ఆడపెళ్లివారే మేళం వాళ్లందరికీ కాఫీలు చెప్పేవారు. ఆ మేళానికి ఊళ్లో ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఆ బల్లే వాళ్ల చిరునామా. స్థలాల బ్రోకర్లకూ, ఇన్సూరెన్సు ఏజెంట్లకూ, దస్తావేజులు రాసేవాళ్లకూ ఇదే వరస. కాఫీ ధరకు గంట సేపు ఆఫీసు అద్దెకు దొరికే ఏర్పాటు అది.

ఇక పైడితల్లి అమ్మవారి పండగ. దసరా వెళ్లిన తరువాత సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్ల మీదా, ఆటోల మీదా, కాలినడకనా వచ్చిన జనం ఆ సోమవారం రాత్రి మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఎక్కడ జాగా ఉంటే అక్కడ నడుం వాలుస్తారు. ఆ ఒక్క రాత్రి హోటలు తలుపులు వేసేవారు కాదు. పొయ్యి ఆరేది కాదు. చంటిపిల్లల తల్లులకు వేడినీళ్లు ఊరికే ఇచ్చేవారు, కుళాయి దగ్గర మొహాలు కడుక్కొనేవాళ్లను ఎవరూ కాదనేవారు కాదు. సిరిమాను గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరిగే సాయంత్రం, ఆ మెట్లు ముసలివాళ్లకు కేటాయించిన కుర్చీల వరుసలా ఉండేవి. వచ్చే ఏడు ఆ చోట షట్టరు దించి, తాళం వేసి, ఏటీఎం గదిలో మాత్రం తెల్లటి దీపం వెలుగుతుంటుంది.

బజారు వీధిలో ఒక్కో గుమ్మం ఇలా నాలుగింటికి మూతపడుతూ పోతే సాయంత్రం ఆ వీధి ఎలా ఉంటుందో చూడాలంటే ఇప్పటికే వరుసగా మూడు నాలుగు బ్యాంకులున్న ఏ వీధికయినా ఆరు దాటాక వెళ్లండి. పక్కనున్న పూల కొట్టు, కిళ్లీ కొట్టు, చెప్పులు కుట్టేవాడు, వీళ్లంతా హోటలుకు వచ్చేవాళ్లను నమ్ముకొని బతికేవాళ్లే. హోటలు మూసిన వారానికే కిళ్లీ కొట్టతను రాత్రి ఎనిమిదింటికే కట్టేయడం మొదలుపెట్టాడు. నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ తొందర. ఇంత దుఃఖంలో ఉన్న ఊరిలో అతని సంగతి ఎవరూ అడగలేదు.

మాస్టారి లెక్క

ఇప్పుడు తప్పు ఎవరిది అన్న ప్రశ్న. ఊరు వేలెత్తి చూపిస్తున్నది బ్యాంకును. బ్యాంకు చేసిన పని ఏమిటి? పత్రికలో ప్రకటన ఇచ్చింది: ఫలానా ప్రాంతంలో, ప్రధాన రహదారి మీద, కింది అంతస్తులో, ఇన్ని చదరపు అడుగుల కార్పెట్ ఏరియా కావాలి, సాంకేతిక వివరాలు ఒక కవరులో, అద్దె ఎంతో మరో కవరులో పెట్టి పంపండి అని. ప్రభుత్వ రంగ బ్యాంకులన్నీ ఇలాగే చేస్తాయి. ఆ రెండు కవర్లూ పంపినవారు ఇంటి యజమాని. ఆయన హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయిన మాస్టారు, నాకూ చెప్పారు. అందుకని చనువుగా వెళ్లి అడిగాను.

ఆయన కోపగించుకోలేదు. మేడ మీది వసారాలోకి తీసుకువెళ్లి గోడ చూపించారు. వంటగది గొట్టం పక్కనుంచి పైకి పాకిన నల్లటి జిడ్డు, సున్నం వేసినా మళ్లీ బయటికి ఉబికి వచ్చే మరక, కింది తూము పొంగినప్పుడల్లా వచ్చే వాసన, పందికొక్కులు తవ్విన పునాది మూల. "బాబూ, ఈ వసారాలో మీ అమ్మగారు ఒక్కనాడు వడియాలు ఎండబెట్టుకోలేదు" అన్నారు. అమ్మగారంటే ఆయన భార్య, ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ పైన అద్దె సంగతి. హోటలుతో ఉన్నది నోటిమాట కౌలు, పెంచమంటే మొహమాటం, ఆలస్యమయితే అడగడానికి మరింత మొహమాటం. బ్యాంకు అయితే పదేళ్లో పదిహేనేళ్లో రాతకోతలతో ఒప్పందం, ఇన్నేళ్లకు ఇంత పెంపని ముందే నిర్ణయం, నెల మొదట్లో ఖాతాలో జమ. ఆ అద్దెను చూపిస్తే అదే బ్యాంకు దాని మీద రుణం కూడా ఇస్తుంది, దానితో పై అంతస్తు కట్టుకోవచ్చు. "పింఛను లాంటి అద్దె వస్తానంటే కాదనమంటావా?" అని అడిగారు. కాదనమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయితే మాస్టారి లెక్కలో ఒక చిన్న లోపం ఉంది, గురువుగారు కనుక మెల్లగా చెప్పాను. బ్యాంకుల ఒప్పందాల్లో సాధారణంగా మధ్యలో నోటీసిచ్చి ఖాళీ చేసే వీలు బ్యాంకుకు ఉంటుంది, ఆ వీలు యజమానికి ఉండదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన తరువాత ఒకే వీధిలో ఒకే బ్యాంకుకు రెండేసి శాఖలయి, కొన్ని చోట్ల ఒకదాన్ని ఎత్తివేసి రెండోదాంట్లో కలిపారు. సొంత ఖర్చుతో స్ట్రాంగ్ రూము కట్టించుకున్న యజమానులు ఆ ఇనుప తలుపును ఏం చేసుకోవాలో తెలియక మిగిలిపోయారు. మాస్టారు కాసేపు ఆలోచించి, "ఇనుప తలుపుకయినా పందికొక్కులు రావు" అన్నారు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు బోర్డు దించిన నాడు ఇప్పుడు హోటలు కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్న వాళ్లే "మన బ్యాంకు పోయింది" అని ఇంతకు తక్కువ కాకుండా బాధపడ్డారు. బ్యాంకు మీద కూడా జనానికి మమకారం ఉండగలదు. కనుక బ్యాంకు అనగానే మనసు లేని పరాయిదని, హోటలు అనగానే మనదని గీత గీయడం నాకు నచ్చదు.

హోటలు యజమాని లెక్క మరో రకం. మామూలు హోటళ్ల మీద 2017 నవంబరు 15 నుంచి జీఎస్టీ 5 శాతానికి దిగింది, తినేవాళ్లు సంతోషించారు. కాని ఆ 5 శాతంతో పాటు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద తాము కట్టిన పన్నును వెనక్కి సర్దుకొనే వీలు, పోయింది. దుకాణం అద్దె మీద 18 శాతం పన్ను పడితే హోటలువాడు అది పూర్తిగా భరించవలసిందే, పైసా వెనక్కి రాదు. బ్యాంకుకు అలాంటి పన్నులో సగం క్రెడిట్‌గా తీసుకొనే వీలు చట్టంలోనే ఉంది. అంటే ఒకే గదికి ఒకే అద్దె ఒప్పుకున్నా ఇద్దరికీ పడే బరువు ఒకటి కాదు. గ్యాసు చూస్తే పద్నాలుగు కిలోల ఇంటి బండ కాదు, పందొమ్మిది కిలోల వాణిజ్య సిలిండరు, దాని ధర నెలనెలా మారుతుంది. అట్టు వేసే మాస్టర్లు విశాఖపట్నంలో ఎక్కువ జీతం దొరికి వెళ్లిపోతున్నారు. ఇన్ని చెప్పి ఆయన చివరికి అన్న మాట ఇది: "కాఫీ మీద రెండు రూపాయలు పెంచితే ఊరంతా మాట్లాడుకున్నారు. అద్దె రెట్టింపయిందంటే ఒక్కరూ మాట్లాడలేదు."

మూసే రోజు ఆ హోటలుకు వచ్చినంత జనం అంతకు ముందు ఏ ఆదివారమూ రాలేదు. ఎనిమిదింటికే పిండి అయిపోయింది. ఫోన్లు పట్టుకొని గోడ మీది ధరల పట్టికను ఫొటో తీసుకుంటున్నవాళ్లను చూసి, ఇడ్లీలు మోస్తున్న ముసలి సర్వరు ఎవరినీ ఉద్దేశించకుండా, "ఇన్నాళ్లూ ఏ ఊర్లో ఉన్నారు బాబూ మీరంతా?" అన్నాడు. ధరల పట్టికలో ప్రతి వస్తువు పక్కనా పాత అంకె మీద కొత్త కాగితం ముక్క, దాని మీద మరో ముక్క అతికించి ఉండేది. ఫొటోలలో అది కూడా పడే ఉంటుంది.

ఆ బల్లల దగ్గర ఎవరు కూర్చున్నారు

ఇంతవరకు రాసినది చదివి మా వీధిలో డ్వాక్రా సంఘం నడిపే ఒక అక్క నన్ను నిలదీసింది. "తమ్ముడూ, ఆ హోటలు ఎదురుగా ముప్ఫయ్యేళ్లు కూరగాయలు అమ్మాను. టీ తెప్పించుకొని బయట నిలబడి తాగాను గాని లోపల బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. బ్యాంకులో మాత్రం మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చున్నాను." స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పథకాన్ని నాబార్డు 1992లో మొదలుపెట్టినప్పుడు, అది రుణాల గురించే అనుకున్నాం. కుర్చీ గురించి కూడా అని ఆవిడ చెబితేగాని నాకు తట్టలేదు.

ఆవిడ మాటను తేలికగా తీసివేయడానికి లేదు. గురజాడ కాలపు పూటకూళ్ల ఇళ్ల నుంచి మొన్నటి కాఫీ హోటళ్ల దాకా మన భోజనశాలల చరిత్ర అందరినీ కలిపి కూర్చోబెట్టిన చరిత్ర కాదు. ఫలానా కులం వారికి అని బోర్డు కట్టిన హోటళ్లు కోస్తా ఊళ్లలో ఉండేవి. కొన్ని కులాలవారికి బయట విడిగా గ్లాసు పెట్టిన టీ బడ్డీలు అంతకంటే చాలా కాలం నడిచాయి. రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలనూ, హోటళ్లనూ పేరు పెట్టి ప్రస్తావించి, అక్కడికి ప్రవేశించడంలో కులమతాల వివక్ష ఉండరాదని చెప్పవలసి వచ్చింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్ష కూడా జోడించవలసి వచ్చింది. ఇన్ని చట్టాలు అవసరపడిన చోటును "ఊరందరి ఇల్లు" అని ఇప్పుడు పొగుడుతున్నామంటే, ఆ ఊరందరిలో ఎవరెవరు ఉన్నారని అడిగే హక్కు ఆ అక్కకు ఉంది.

అయినా నేను నా అభిప్రాయం మార్చుకోలేదు, కొంచెం సవరించుకున్నాను. హోటలు తలుపు చట్టం వల్లనో, కాలం వల్లనో మెల్లమెల్లగా వెడల్పవుతూ వచ్చింది. మేళం వాళ్లు వెనక బల్ల నుంచి బేరాలు చేసిన రోజులకు ముందు, వాళ్లు ఆ బల్ల దగ్గరికి రాలేని రోజులు కూడా ఉండే ఉంటాయి. ఇటీవలి సంవత్సరాలలో కాలేజీ ఆడపిల్లలు నలుగురైదుగురు కలిసి వచ్చి, ఎవరి తోడూ లేకుండా ముందు వరుసలో కూర్చొని గట్టిగా నవ్వుకుంటూ తినడం చూశాం. మరికొన్నేళ్లు ఉండి ఉంటే ఆ అక్క కూడా లోపలికి వచ్చేదేమో. వెడల్పవుతున్న తలుపును సరిగ్గా ఆ సమయంలో మూసేశాం. బ్యాంకులో ఆమెకు దొరికిన కుర్చీ విలువైనదే, కాని అది పని ఉన్నంతసేపే. పాసుపుస్తకం లేకుండా, టోకెను లేకుండా ఆ కుర్చీలో ఊరికే కూర్చుంటే గార్డు వచ్చి ఏం కావాలమ్మా అంటాడు.

మేడ మీద బ్యాంకు

నా వాదనకు కీలకం ఇది. బ్యాంకు ఊళ్లో ఉండాలి, బజారులోనే ఉండాలి, అందులో నాకు తగువు లేదు. బజారు వీధి కింది అంతస్తులోనే ఎందుకు ఉండాలి? 2016లో యూపీఐ వచ్చాక డబ్బు పంపడానికీ, పుచ్చుకోవడానికీ బ్యాంకు గుమ్మం తొక్కేవాళ్లు ఎంత తగ్గారో ఆ బ్యాంకుల ఉద్యోగులే చెబుతారు. ఆ హోటలు గల్లాపెట్టె మీద కూడా క్యూఆర్ కోడు అట్ట నిలబెట్టి ఉండేది, చిల్లర లేదన్న పాత గొడవ దానితో తీరిపోయింది. ఫోనులో పట్టేంత చిన్నదయిపోయిన వ్యవహారానికి వీధి ముఖం మొత్తం కావలసి రావడం, పొయ్యీ తూమూ లేనిదే నడవని వ్యవహారానికి వీధిలో చోటు లేకపోవడం నాకు తలకిందులుగా కనిపిస్తుంది.

దీనికి అభ్యంతరాలు బలంగానే ఉన్నాయి. స్ట్రాంగ్ రూము బరువును పాత మేడలు మోయలేవు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ర్యాంపు ఉండాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం వచ్చే పింఛనుదారులను మెట్లెక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు. బ్యాంకుకు రాకుండానే వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నుంచీ ఉన్నా, వేలిముద్రలు పడక బ్యాంకుకే వచ్చే ముసలివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. లిఫ్టు పెడితే సరిపోతుందా అంటే, మన ఊళ్లో లిఫ్టుల సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అనరు. మరి హోటలే మేడ ఎక్కితే? ఆ ప్రశ్న హోటలు యజమానిని అడిగాను. సిలిండర్లూ, బియ్యపు బస్తాలూ మోయించే ఖర్చు ఒక ఎత్తయితే, కాఫీ కోసం మెట్లెక్కేవాడు ఎవడూ ఉండడని ఆయన నిశ్చయం. హోటలు బోర్డు చూసి వచ్చే మనుషుల కంటే, వెళ్తూ వెళ్తూ కమ్మటి వాసనకు ఆగిపోయే మనుషులే ఎక్కువ.

హోటలును పనివాళ్లే నడుపుకోవచ్చు కదా అన్న కుర్రవాళ్లూ ఉన్నారు. దానికి మన దేశంలో మంచి ఉదాహరణే ఉంది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ ఉద్యోగులు సహకార సంఘాలు పెట్టుకొని 1957 నుంచి తామే నడుపుకున్నారు. అవి ఇప్పటికీ చాలా నగరాలలో ఉన్నాయి. కాని బెంగుళూరు మహాత్మా గాంధీ రోడ్డులోని కాఫీ హౌసు 2009లో అద్దె చోటు పోగొట్టుకొని చర్చి స్ట్రీటుకు తరలిపోవలసి వచ్చింది. సంఘం ఉంది, తలపాగాల సర్వర్లు ఉన్నారు, జనం అభిమానం ఉంది, చేతిలో లేనిది గోడలు మాత్రమే. మా హోటలు సర్వర్లకు అవేవీ లేవు. ఉన్నవాళ్లలో ఇద్దరు అప్పుడే విశాఖపట్నం చేరిపోయారు.

కనుక గోడలు ఎవరివి అన్నదే మిగిలిన ప్రశ్న. ప్రైవేటు భవనాల మీద ఆంక్షలు పెట్టమని నేను అడగను. మాస్టారి వసారా చూసిన తరువాత అడగలేను. కాని ఊరి నడిబొడ్డున కార్పొరేషనుకు సొంత దుకాణ సముదాయాలు ఉన్నాయి. వాటిని వేలం వేసేటప్పుడు దళితులకూ, గిరిజనులకూ, వికలాంగులకూ కొన్ని గదులు కేటాయించే పద్ధతి ఇప్పటికే అమలులో ఉంది. మనుషులకు కేటాయించగలిగినప్పుడు పనికి కేటాయించడానికి అడ్డేమిటి? ప్రతి సముదాయంలో వీధి మూలన, తూమూ నీళ్లూ గాలీ సరిగ్గా ఉన్న ఒక కింది అంతస్తు గదిని టిఫిన్ హోటలుకే అని రాసిపెట్టి, ఆ వృత్తిలో ఉన్నవాళ్ల మధ్యనే వేలం వేయాలి. పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచాలన్నది షరతు. రోడ్డు పక్కన కొత్తగా వచ్చిన ఏసీ రెస్టారెంట్లు దీనికి సరిపడవు, అవి పదకొండింటికి గాని తెరవవు. అన్న క్యాంటీన్లు 2018లో పెట్టి, మధ్యలో మూసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐదు రూపాయలకు పూట గడిపే ఆ ఏర్పాటు చాలా మంచిది. ఊరి మధ్య జాగా భోజనానికి ఇవ్వవచ్చునని దానివల్ల తేలిపోయింది. కాని అక్కడ తిని లేచిపోవాలి, వెనక జనం క్యూ కట్టి ఉంటారు. బయానా పుచ్చుకుంటూ కూర్చోవడానికి కుదరదు.

ఈ ఆలోచనలో నాకే భయం ఉన్న చోటు ఒకటుంది. కార్పొరేషను గదులు ఒకరి పేరున తీసుకొని, రెట్టింపు అద్దెకు మరొకరికి ఇచ్చి, మధ్యలోని మిగులు తినేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. హోటలు పేరుతో గది తీసుకొని, ముందు ఒక కాఫీ ఫిల్టరు పెట్టి, వెనక బట్టల కొట్టు నడపడం పెద్ద విద్య కాదు. అందుకే వేళల షరతును గట్టిగా పట్టుకున్నాను. ఎవరి పేరున ఏముందో కాగితాలలో దాచవచ్చు, తెల్లవారుజామున ఐదింటికి పొయ్యి వెలిగిందో లేదో ఆ వీధి ఊడ్చే మనిషిని అడిగితే చెబుతుంది.

అర్జీ రాసి కమిషనరు గారికి ఇవ్వడానికి సంతకాలు సేకరిస్తున్నాం. డ్వాక్రా అక్క తన సంఘం తరఫున సంతకం చేస్తూ, బల్లల్లో ఒక వరుస గోడవైపు ఉండాలని, ఆడవాళ్లు వీధికి వీపు పెట్టి కూర్చొనే వీలుండాలని ఒక వాక్యం చేర్చింది. గోడవైపు వరుస చివరికి పరదా అవుతుందని కాలేజీ అమ్మాయిలు ఒప్పుకోవడం లేదు, ఆ వాక్యం ఉంచాలో తీసివేయాలో ఇంకా తేలలేదు. మాస్టారు మాత్రం కళ్లజోడు పెట్టుకొని అర్జీ అంతా రెండుసార్లు చదివారు. ఇది కార్పొరేషను గదులకు మాత్రమే వర్తిస్తుందని రాసిన చోట కలంతో గీత గీయించి, "అవునా?" అని నన్ను అడిగి నిర్ధారించుకొన్న తరువాత, అందరికంటే పైన సంతకం చేశారు.